విప్పకూడని కుట్లు

నా జీవితంలో నాకు చాలామంది థాంక్యూ చెప్పారు. అందులో ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండిపోతుంది. ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో, ఒక చిన్న కాలేజీ ఆర్ట్ గ్యాలరీ డైరెక్టర్ చెప్పిన థాంక్యూ అది. నేను చేసిన తప్పుకి చెప్పాడు. అది తప్పని అతనికి తెలుసు, నాకు తెలియదు. నాకు తెలియదన్న సంగతి కూడా అతనికి తెలుసు.

కోపం తగ్గాక రాద్దామని ఇన్నేళ్ళు ఆగాను. తగ్గేట్టు లేదు కాబట్టి ఇలాగే రాసేస్తున్నాను.

మేం అప్పుడు పిస్కాటవేలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. నేను డెబ్భైల చివర్లో పసిపిల్లని ఎత్తుకుని వచ్చాను. వచ్చిన మొదటి రెండేళ్ళూ వంట చేసుకుంటూ, కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసుకుంటూ గడిపాను. వర్క్ పర్మిట్ చేతికి రాగానే పేపర్లో ప్రకటన చూసి ఆ గ్యాలరీలో పార్ట్‌టైమ్ పనికి చేరాను. లేబుళ్ళు టైపు చేయాలి, కవర్లు పోస్టు చేయాలి, అద్దాలు తుడవాలి, వచ్చినవాళ్ళ చేత పుస్తకంలో సంతకం పెట్టించాలి. అంతే పని. ఇంటర్వ్యూలో డైరెక్టర్ మీకు కళతో ఏం సంబంధం అని అడిగితే మాది రంగుల ఇల్లు అన్నాను. ఎంత బాగా చెప్పారు అని మురిసిపోయాడు. నేనేదో కవిత్వం చెప్పాననుకున్నట్టున్నాడు. నేను చెప్పింది మా వృత్తి.

మాది చీరాల. ఇంట్లో నూలుకి కట్లు కట్టి రంగులో ముంచే పని. ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ నూలుని బిగించి కడతారు. ముంచి, ఆరేసి, కట్టు విప్పితే ఆ చోటు తెల్లగా మిగులుతుంది. ఆ నూలుతో రుమాలు అనే పెద్ద చదరపు గుడ్డ నేస్తే నమూనా దానంతటదే పడుతుంది. కట్లు కట్టేది మగవాళ్ళు, విప్పేది ఆడవాళ్ళూ పిల్లలూ. ఈ విప్పడంలో మా నాయనమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఆరిన నూలు కట్లతో తెల్లవారకూడదు. కట్టు కింద చెమ్మ నిలిచి నూలు చివికిపోతుందనేది. జ్వరంతో మూలుగుతున్నా సరే, ఎదురుగా కట్టున్న నూలు చిలప కనిపిస్తే కూర్చుని విప్పాల్సిందే. నాకు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ పనే. నా వేళ్ళకి వేరే బుద్ధి లేదు.

ఆ సెప్టెంబరులో గ్యాలరీకి ఒక చిత్రకారిణి వచ్చింది. నైజీరియా మనిషి, తూర్పు వైపు నదుల ప్రాంతం. వేరే రాష్ట్రంలో ఏదో యూనివర్సిటీలో చదువు ముగించి అక్కడే పాఠాలు చెబుతోంది. మూడు వారాలు ఇక్కడే ఉండి, గ్యాలరీ వెనక పెరట్లో గుడ్డలకి రంగు వేసి, వాటితో ప్రదర్శన పెట్టాలని ఒప్పందం. పొడుగ్గా, నిదానంగా ఉండేది. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. మొదటి రోజే నన్ను సిస్టర్ అని పిలిచింది.

ఆమె గుడ్డల మీద వేసేవి న్సిబిది గుర్తులు. వాళ్ళ ప్రాంతంలో ఎన్నో తరాలుగా ఉన్న రాత అది. తెల్లవాళ్ళ బడి రాకముందే వాళ్ళు గోడల మీద, సొరబుర్రల మీద, ఒంటి మీద, గుడ్డల మీద రాసుకున్నారు. రెండు వంపులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే ప్రేమ. అవే రెండు వంపులు వీపులు తిప్పుకుని నిలబడితే తగాదా. అద్దానికి ఒక గుర్తు, ప్రయాణానికి ఒకటి, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒకటి. కాగితం మీద పెన్సిలుతో గీసి చూపించింది. మా ఆయనకీ నాకూ ఆ వారం పడట్లేదు. తగాదా గుర్తు వేసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆయన చూసి ఏదో పిల్లల బొమ్మ అనుకున్నాడు.

ఆమె పని చేసే తీరు చూసి నా ప్రాణం లేచొచ్చింది. తెల్ల నూలు గుడ్డ మీద గుర్తు గీసి, ఆ గీత వెంట తాటినార లాంటి నారతో దగ్గర దగ్గరగా కుట్టి, బిగించి లాగేస్తుంది. గుడ్డంతా ముడతలు పడి ముద్దలాగా అయిపోతుంది. దాన్ని నీలిమందు కలిపిన డ్రమ్ములో ముంచి, తీసి, గాలికి ఆరేసి, మళ్ళీ ముంచుతుంది. చివర్లో కుట్లు విప్పితే కారునలుపు నీలంలో తెల్లటి రాత. మేం నూలుకి చేసేది ఆమె గుడ్డకి చేస్తోంది. మా ఊరి పేరు చెప్పి, మా నాన్న రంగేసిన రుమాళ్ళు మద్రాసు నుంచి ఓడ మీద వాళ్ళ దేశానికే వెళ్ళేవన్నాను. ఆమె సూది పక్కన పెట్టి నా వైపు చూసింది.

"మా అమ్మమ్మ నడుముకి కట్టుకునేది మద్రాసు గుడ్డే. చచ్చిపోయినప్పుడు కూడా అదే కప్పారు."

ఆ తరవాత మా ఇద్దరి మధ్యా పరాయితనం లేదు. నేను తెచ్చిన పులిహోర ఆమె తినేది. ఆమె తెచ్చిన ఎండుచేపల కూర వాసన పడక నేను దూరంగా కూర్చునేదాన్ని. నవ్వేది.

డైరెక్టర్ సంగతి చెప్పాలి. చెడ్డవాడిలా కనిపించేవాడైతే బాగుండేది, జాగ్రత్తపడేదాన్ని. మెత్తటి గొంతు, ఊలు స్వెటరు, తలుపు తీసి పట్టుకోవడం, ఎవరి మాట విన్నా తల పక్కకి వాల్చడం. ఆ తల వాల్చడం చూసి మనం చెప్పేది ఎక్కుతోందని అనుకుంటాం. ఏమీ ఎక్కదు. ఆమె ఇది రాత అని పదిసార్లు చెప్పింది. పదిసార్లూ తల వాల్చి విని, పదకొండోసారి ఎవరికో ఫోన్లో అద్భుతమైన డిజైన్లు అని చెప్పాడు. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని విన్నాను. అతనికి ఇంకో పిచ్చి ఉండేది. గోడ మీద ఒక పట్టిక పెట్టాలి, ప్రతి గుర్తుకీ ఎదురుగా దాని అర్థం రాసి ఉండాలి. అందరికీ తెలిసిన గుర్తులకి ఆమె అర్థాలు ఇచ్చింది. కొన్ని గుర్తులు ఊరి పెద్దల సంఘానివి, వాటికి అర్థం చెప్పే హక్కు నాకు లేదు అంది. ఆ రోజు నుంచీ అతనికి నిద్ర పట్టినట్టు లేదు. ఎవరైనా తనకి తెలియకుండా ఒక విషయం దాచుకోవచ్చన్న సంగతే అతనికి మింగుడుపడలేదు.

ప్రదర్శనలో మొత్తం ఏడు గుడ్డలు. ప్రతి గుడ్డకీ ఆమె ఒక్కో కాగితం మీద పేరు, కొలత, ఎలా వేలాడదీయాలో రాసి డైరెక్టర్‌కి ఇచ్చింది. వాటిని చూసి నేను లేబుళ్ళు టైపు చేయాలి. నాకు ఆరు కాగితాలే వచ్చాయి. ఏడోది ఏది అని అడిగాను. తర్వాత ఇస్తాను, అందులో కొన్ని మార్పులున్నాయి అన్నాడు. సరే అనుకున్నాను. అలా ఎందుకు సరే అనుకున్నానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

శనివారం ప్రారంభం. మంగళవారం ఆమె వేరే ఊళ్ళో ప్రసంగం ఉందని రెండు రోజులకి వెళ్ళింది. ఆ రోజు మా అమ్మాయికి జ్వరం, నేను పనికి రాలేదు. ఆమె వెళుతూ డైరెక్టర్‌కి ఏం చెప్పిందో నేను వినలేదు. బుధవారం వచ్చేసరికి నా బల్ల మీద అతని చేతిరాతతో చీటీ ఉంది. గుడ్డలన్నీ ఫోటోకి సిద్ధం చేయండి, రేపు పొద్దున ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు అని.

ఆరు గుడ్డలు గోడ మీదే ఉన్నాయి. ఏడోది లోపలి గదిలో బల్ల మీద, రంగు వేసి ఆరి, కుట్లతోనే ఉంది. అన్నిటికన్నా పెద్దది. ముడతలు ముడతలుగా, ఎండిన ముద్దలాగా. నాకు ఒకటే ఆలోచన వచ్చింది. పాపం, విప్పడానికి టైమ్ చాలక వెళ్ళిపోయింది. ఎదురుగా కట్టు కనిపిస్తోంది, ఆరిపోయింది, శనివారం ప్రారంభం. ఎవరినీ అడగాలని కూడా తోచలేదు. మీ ఇంట్లో అన్నం పొంగుతుంటే మూత తీయమంటారా అని అడుగుతారా? అలాగే కూర్చుని విప్పడం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పకపోతే అబద్ధమవుతుంది. అమెరికా వచ్చాక నా చేతులకి తెలిసిన పని చేయడం అదే మొదటిసారి. ఆ కుట్టు ఆమె కుట్టు కాదని నాకు వెంటనే తెలిసింది. ఇంకా దగ్గరగా, ఇంకా బిగువుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. ఎవరో పెద్ద పనివాడు కుట్టాడు. అంత కుట్టుని గుడ్డకి చిల్లు పడకుండా విప్పగలుగుతున్నానని గర్వపడ్డాను. ఒక్కొక్క గుర్తే తెల్లగా బయటికి వస్తోంది. అంతకుముందు ఆమె చూపించినవాటిలో ఒక్కటీ లేదు అందులో. అవి ఎలా ఉన్నాయో ఇక్కడ రాయను.

రెండు గంటలప్పుడు డైరెక్టర్ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. నేను తలెత్తి నవ్వాను.  బల్ల మీదికి వంగి చూశాడు, మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళాడు. అప్పుడు అతను ఒక్క మాట అంటే చాలు. సగం కూడా అవలేదు. ఒక్క మాట. అనలేదు. వెళ్ళి నాకు కాఫీ తెచ్చాడు. ఇంకోసారి వెళ్ళి, మీ కత్తెర పెద్దగా ఉంది, ఇది తీసుకోండి అని ఒక చిన్న కత్తెర తెచ్చి ఇచ్చాడు. ఐదింటికి చివరి నార ఊడింది. ఇద్దరం కలిసి గుడ్డ తీసుకెళ్ళి హాల్లో ఏడో చోట వేలాడదీశాం.

"థాంక్యూ," అన్నాడు. "మీరు ఈ ప్రదర్శనకి ఎంత మేలు చేశారో మీకు తెలియదు."

నిజమే, నాకు తెలియదు.

గురువారం పొద్దున ఫోటోగ్రాఫర్ వచ్చి ఏడు గుడ్డలకీ ఫోటోలు తీశాడు. ఒకే రీలు. కేటలాగ్‌లో వేయడానికి అది పట్నంలో ల్యాబ్‌కి వెళ్ళాలి. పోస్టు చేసేది నేనే కాబట్టి రీలు డబ్బా నా ట్రేలో పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి ఆమె వచ్చింది. హాల్లోకి నాలుగడుగులు వేసింది, ఎదురు గోడ కనిపించింది, అక్కడే ఆగిపోయింది. వెంటనే తల దించేసుకుంది. వెనక్కి తిరగలేదు, ఎలా వచ్చిందో అలాగే వెనక్కి వెనక్కి నడిచి బయటికి వెళ్ళిపోయింది. 

పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎవరు విప్పారు, సిస్టర్?"

"నేనే. నీకు టైమ్ చాలలేదనుకున్నాను."

 అప్పుడు చెప్పింది. ఆ గుడ్డ ఆమె కుట్టింది కాదు. వాళ్ళ చిన్నతాత కుట్టాడు. ఆయన ఊరి పెద్దల సంఘంలో యాభై ఏళ్ళుగా కూర్చున్న మనిషి. వాళ్ళ సంఘం గుడ్డలు మగవాళ్ళే కుడతారు, ముట్లుడిగిన ఆడవాళ్ళే రంగులో ముంచుతారు. ఆమె అమ్మమ్మ అలా ముంచిన మనిషే. ముంచడానికి ఈమె వయసు ఆడదాని చేతికి, అందులోనూ దేశం దాటిపోయే గుడ్డని ఇవ్వకూడదని సంఘంలో అందరూ అన్నారట. చిన్నతాత లేచి పూచీ పడ్డాడు. మాకు రాత ఉందని ఆ దేశంవాళ్ళకి తెలియాలి, కానీ దాన్ని వాళ్ళు చదవకూడదు, కుట్లు విప్పకుండా అలాగే గోడకి పెడుతుంది, నా మాట మీద పంపండి అన్నాడు. మాట తప్పితే సంఘంలో ఆయన ఆసనం పోతుంది. ఆరు గుడ్డలు తెరిచిన ఉత్తరాలు, ఏడోది మూసిన ఉత్తరం. అదీ ఆమె ప్రదర్శన.

"లోపల ఏముందో నాకు కూడా తెలియదు," అంది. "నేను చూడకూడదు."

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆమె చూడకూడనిది నేను చూశాను. కాఫీ తాగుతూ చూశాను.

"డైరెక్టర్‌కి చెప్పాను కదా, నీకు చెప్పలేదా?" అని అడిగింది. "ఏడో కాగితంలో అదే రాశాను. పెద్ద అక్షరాలతో."

అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. లేచి నేరుగా అతని గదికి వెళ్ళాను. తలుపు కొట్టలేదు. ఏడో కాగితం ఇవ్వండి అన్నాను. సొరుగు లాగి, పైనే ఉన్న కాగితం తీసి ఇచ్చాడు. వెతుక్కోనైనా లేదు. కుట్లు తీయకూడదు, ఈ గుడ్డ మూసే ఉంటుంది అని ఉంది అందులో. కింద రెండు గీతలు.

"అరె, మీకు ఇవ్వడం మర్చిపోయాను," అన్నాడు.

"నిన్న మూడు గంటలు చూశారు. మర్చిపోయారా?"

తల పక్కకి వాల్చాడు. "మీరూ ఇలాంటి సంప్రదాయం నుంచే వచ్చారు. మీరు విప్పుతుంటే ఆపే హక్కు నాకుందా అని ఆలోచించాను. రెండు ప్రాచీన సంస్కృతులు ఒకదాన్నొకటి పలకరించుకోవడం అది. లేబుల్‌లో మీ పేరు కూడా వేద్దామనుకుంటున్నాను."

జీవితంలో ఒక మనిషిని కొట్టాలని చెయ్యి లేవడం నాకు అప్పుడొక్కసారే జరిగింది. లేచిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకున్నాను. దొంగతనం తను చేసి, దొంగసొత్తు మీద నా పేరు వేస్తాడట, గౌరవంగా. గుడ్డ దించేయమన్నాను. కుదరదు, ఇది కాలేజీ చేయించుకున్న పని, ఒప్పందం ఉంది, శనివారం న్యూయార్క్ నుంచి విమర్శకులు వస్తున్నారు అన్నాడు. గొంతు ఏమాత్రం పెంచలేదు. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది దానికే.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. అంతా విని, "ఇందులో నీ ఫాల్ట్ ఏముంది? సారీ చెప్పేసెయ్. గ్రీన్ కార్డ్ పేపర్స్ పెండింగ్‌లో ఉన్నాయి, ఇప్పుడు ఏ గొడవా వద్దు," అన్నాడు.

"అక్కడ ఒక ముసలాయన పరువు పోతోందండీ."

"ఎవరి గుడ్డో, ఎవరి గుర్తులో. మనకెందుకు చెప్పు?"

"విప్పింది నేను కాబట్టి."

 ఆ పైన ఆయన్నే అడిగాను, డ్రమ్ములో నీలిరంగు చచ్చిపోయి గుడ్డకి ఎక్కకపోతే మళ్ళీ దేంతో లేపచ్చు అని. మా ఇంట్లో బెల్లం, సున్నం వేసి వెచ్చగా ఉంచేవాళ్ళు. ఆయన కెమిస్టు కదా, ఉండబట్టలేక చెప్పాడు. బ్రౌన్ షుగర్ కూడా అదే పని చేస్తుంది, సున్నం హార్డ్‌వేర్ స్టోర్‌లో దొరుకుతుంది అని. తిట్టుకుంటూనే కారు తాళాలు తీశాడు.

నేను తీసిన కుట్లు మళ్ళీ కుడితే లాభం లేదు. తెలుపు బయటపడిపోయింది. ఇక మిగిలిన దారి ఒకటే, గుడ్డ మొత్తాన్ని మళ్ళీ మళ్ళీ ముంచి తెల్లటి రాతని చుట్టూ ఉన్న నీలంలో కలిపేయడం. రాత్రి నేను ఫోన్లో చెప్పినట్టే, శుక్రవారం పొద్దున ఏడింటికల్లా ఆమె వచ్చింది. గ్యాలరీ తాళం చెవి నా దగ్గరే ఉండేది. నేను లోపలికి వెళ్ళి గుడ్డ దించి, మడత పెట్టి, నా కోటు కప్పి పెరట్లోకి తెచ్చాను. రాత్రే వెళ్ళి బ్రౌన్ షుగర్, సున్నం కలిపి కప్పి ఉంచిన డ్రమ్ములో రంగు నురగ కట్టి లేచింది. ఆమె మెట్ల మీద నాకు వీపు తిప్పి, కంచె వైపు చూస్తూ కూర్చుంది. చూడకూడదు కదా. అందుకని ముంచడం నా ఒక్కదాని పనే అయింది.

నీలిమందులోంచి తీసినప్పుడు గుడ్డ పసుపుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ ఆకుపచ్చగా, ఆ పైన నీలంగా మారుతుంది. ఆ మారేంతసేపు ఆగాలి, మళ్ళీ ముంచాలి. మొదటి ముంపు తీశాక ఆమె అడిగింది.

"ఇంకా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

రెండోది, మూడోది. తెలుపు కాస్తా లేతనీలం అయింది గానీ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. నా చేతులు మోచేతుల దాకా నీలం. ఐదోసారి తీశాక మళ్ళీ అడిగింది. కనిపిస్తోందన్నాను. అబద్ధం చెప్పి ఊరటనివ్వాలనిపించింది, చెప్పలేదు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె మెడ వెనక చెమట పట్టి ఉంది. నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే ఓదార్చాల్సింది ఆమె అవుతుందని ఆపుకున్నాను.

తొమ్మిదిన్నరకి డైరెక్టర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. హాల్లో ఖాళీ గోడ చూసినట్టున్నాడు.

"ఏం చేస్తున్నారు? అది కాలేజీ ఆస్తి. నేను పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

ఆమె కంచె వైపు చూస్తూనే, "పిలవండి," అంది. "ఆ ఏడో కాగితం కూడా పట్టుకుని రండి. వాళ్ళకి చదివి వినిపిస్తాను."

అతను నా వైపు తిరిగి, నేను పని పోగొట్టుకున్నానని చెప్పాడు. అప్పుడు కూడా ముందు సారీ అన్నాడు. నేను గుడ్డని ఆరోసారి ముంచాను. వెళ్ళిపోయాడు, పోలీసుల్ని మాత్రం పిలవలేదు. పదకొండోసారి తీసి, కంచె మీద ఆరేసి, ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ చూశాను. ఎండకి ఎత్తి చూశాను. నీలం తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు?"

"లేదు. పోయింది."

అప్పుడు తిరిగింది. గుడ్డ దగ్గరికి వచ్చి చేత్తో తడిమింది. మడత పెట్టుకుని సంచిలో పెట్టుకుంది.

ఇంకో పని మిగిలింది. నా సామాను తీసుకోవడానికి లోపలికి వెళ్ళాను. రీలు డబ్బా ఇంకా నా ట్రేలోనే ఉంది. నీలం చేతులతోనే మూత తీసి, కిటికీ దగ్గర నిలబడి, రీలు మొత్తం పగటి వెలుతుర్లోకి లాగేశాను. అన్ని ఫోటోలూ పోయాయి, మిగతా ఆరు గుడ్డలవి కూడా. ఆ మాట ఆమెకి చెబితే ఫర్వాలేదంది. లాగేసిన రీలు కుప్పని అతని బల్ల మీద పెట్టి వచ్చాను. దొంగచాటుగా చేసిన పని అనుకోకూడదు కదా.

శనివారం ప్రదర్శన జరిగిందట, ఆరు గుడ్డలతో. ఏడో గుడ్డ ఉండాల్సిన ఖాళీ చోటు పక్కన కూడా ఒక లేబుల్ పెట్టాడట, కనిపించకపోవడంలోని అందం గురించి. విమర్శకులు మెచ్చుకున్నారని విన్నాను. అతను ఆ తరవాత ఇంకా పెద్ద గ్యాలరీకి వెళ్ళాడు. అలాంటివాళ్ళకి ఎప్పుడూ ఇంకా పెద్ద గ్యాలరీ ఒకటి ఎక్కడో ఖాళీగా ఉంటుంది.

మా ఆయన రెండు వారాలు ముభావంగా ఉన్నాడు. కాలేజీవాళ్ళు ఏ కేసూ పెట్టలేదు. నా చేతుల నీలం వదలడానికి చాలా రోజులు పట్టింది. కిరాణా షాపులో చిల్లర ఇచ్చే అమ్మాయి నా వేళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అయినా నాకు మనసు తేలిగ్గానే ఉండేది. విప్పిన తప్పుని నేనే కప్పాను. చూసినవాళ్ళం ముగ్గురమే, నేను, డైరెక్టర్, ఫోటోగ్రాఫర్. ఫోటో లేదు, గుడ్డ మీద గుర్తు లేదు. సముద్రాల అవతల ఉన్న ఒక పెద్దాయన ఆసనం నిలబడింది అనుకున్నాను.

ఆమె డిసెంబరు సెలవులకి వాళ్ళ ఊరు వెళ్ళి, జనవరిలో తిరిగొచ్చాక ఒక ఆదివారం ఫోన్ చేసింది. చిన్నతాత ఎలా ఉన్నారని అడిగాను.

"సంఘంలోంచి బయటికి వచ్చేశారు," అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరికి తెలిసింది? ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎందుకు చెప్పావు?" నా గొంతు లేచింది. మా అమ్మాయి టీవీ ముందు నుంచి తిరిగి చూసింది. "ఎవరూ చూడలేదు కదా. అంతా చెరిపేశాం కదా. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?"

"ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కుట్లు ఉన్నాయా అని అడిగారు. ఏం చెప్పమంటావు, సిస్టర్?"



గుడ్డ చూపిస్తే చేతిలోకి తీసుకుని చూశారట. కుట్లు లేవు, సూది చిల్లులు మాత్రం వేళ్ళకి తగిలాయట. ఆ తరవాతి సమావేశంలో ఎవరూ అడక్కముందే లేచి నిలబడి, నా మాట నిలబడలేదు అని చెప్పి, తన ఆసనం తనే వదిలేసి బయటికి నడిచారట. ఆపుదామని ఇద్దరు ముగ్గురు చూశారట గానీ ఆయన ఆగలేదు.

"ఎవరు విప్పారో ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. పని తెలిసిన ఇంటి పిల్ల అని, తెలియక విప్పిందని చెప్పాను. నువ్వు క్షమించమన్నావని కూడా చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఆ నార పారేశారా, దాచారా అని అడిగారు."

పారేశాను. ఆ సాయంత్రమే ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. సంఘం కూడే రోజున వాళ్ళ మందిరం లోపల డోలు మోగుతుందట. లోపల ఏం జరుగుతుందో ఆడవాళ్ళకీ పిల్లలకీ తెలియదు, బయట నుంచి చప్పుడు మాత్రం వింటారు. యాభై ఏళ్ళు ఆ డోలు పక్కన కూర్చున్న మనిషి ఇప్పుడు ఇంటి అరుగు మీద, పిల్లల మధ్య కూర్చుని వింటున్నారని చెప్పింది.